రబ్బరును పక్వపఱచిన చార్లెస్ గుడియర్

బాలురాడు బంతి యెండకు జిగటగాక, చలికి పెళుసెక్కక యుండు నుపాయమును కనుఁగొనిన చార్లెస్ గుడియర్ 1800 సంవత్సరము డిసెంబరు 29వ తేదీన అమెరికాలోని న్యూహేవెను పట్టణమున జన్మించెను. తండ్రితోఁ గలసి చేసిన యినుపసామానుల వర్తకము 1830 ప్రాంతమున చెడిపోఁగా, అప్పులకై చెఱసాల పాలయ్యెను. అచ్చటనే భార్యచే పచ్చిరబ్బరును, అప్పడాల కఱ్ఱను దెప్పించుకొని పరీక్షల కారంభించెను. ప్రభుత్వమువారు కోరిన 150 తపాలాసంచులు వేఁడిమికి ముద్దలైపోయినను ఆతఁడు మానలేదు.

నతానియేల్ హేవర్డను నాతని వలన రబ్బరులో గంధకము కలుపుట నేర్చెను. 1839లో వూబరను గ్రామమున నట్టి మిశ్రమ మొకటి కాఁగిన పొయ్యికిఁ దగిలెను. అది కరఁగక తోలువలె మాడెను. మాడిన భాగపు అంచున మాత్రము చక్కగా సాగు పట్టీ యేర్పడెను. దీనిని కేవలము యాదృచ్ఛికమనుట గుడియరునకు సమ్మతము కాదు, మాకును కాదు. వెదకువాని కన్నులకే యా యంచు కనఁబడెను గదా!

కష్టమంతయు నటుపిమ్మటనే. ఎంత వేఁడి? ఎంతసేపు? వేఁడి చాలనిచో పచ్చిగా నుండును, మించినచో చెడును. రబ్బరు తునకలను వంటపొయ్యిలోఁ గాల్చెను, నీటికెటిలు ఆవిరిలో వ్రేలాడఁగట్టెను, వేఁడియిసుకలోఁ బూడ్చెను. ఇంట తినుటకు లేదు. 12 మంది సంతానములో ఆర్గురు బాల్యముననే గతించిరి. తుదకు ఒత్తిడితోఁ గూడిన యావిరిలో, సుమారు 270 ఫారెన్‌హీటు డిగ్రీల వేఁడిమిని, 4 మొదలు 6 గంటలవఱకు నుంచినచో రబ్బరు సమముగా పక్వమగునని తేలెను. గంధకము రబ్బరులోని పొడవైన అణుమాలికలను వంతెనలవలె ఒండొంటితో బంధించుటయే దీనికిఁ గారణమని తరువాతి శాస్త్రజ్ఞులు తెలిసికొనిరి. నేఁడు రబ్బరు తునకను వేఁడియచ్చుల నడుమ నుంచి, అచ్చు నటునిటు స్వల్పముగాఁ ద్రిప్పుచు, రబ్బరు బిగిసినకొలఁది త్రిప్పుటకుఁ గావలసిన బలము హెచ్చుటను యంత్రమే గీతగా గీయును. గుడియరునకు వ్రేళ్లతో సాగఁదీసి చూచుటయే గతి.

1844 జూను 15వ తేదీన అమెరికాలో హక్కుపత్రము లభించెను. కాని గుడియరు చేసిన రబ్బరు తునకలను పరీక్షించిన టామస్ హాన్‌కాక్, ఇంగ్లండులో 1843 నవంబరుననే అర్జీ పెట్టుకొనెను. అచ్చటి హక్కు చేజాఱెను. మరణశయ్యపైనున్న కుమార్తెను జూడఁబోవుచు, ఆమె మరణవార్త విని కూలిపోయి, గుడియరు 1860 జూలై 1వ తేదీన న్యూయార్కునఁ గన్నుమూసెను. అప్పటికి అప్పు సుమారు 2 లక్షల డాలర్లు. 1898లో స్థాపింపఁబడిన టైర్ల కంపెనీ యాతని పేరు పెట్టుకొన్నను, ఆతని కుటుంబమునకు దానితో సంబంధము లేదు.