దీర్ఘ వ్యాధిలో నర్సే అండ: నైటింగేల్ జీవితం చెప్పే పాఠం

ఫ్లోరెన్స్ నైటింగేల్ అనగానే యుద్ధకాలపు ఆసుపత్రిలో దీపం పట్టుకొని తిరిగే యువతి గుర్తుకొస్తుంది. ఆమె ఆ యుద్ధసేవలో ఉన్నది రెండేళ్ల లోపే. ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా బతికిన ఆమె, అందులో చాలా కాలం స్వయంగా దీర్ఘకాలిక రోగి. బీపీ, షుగర్‌తో ఏళ్ల తరబడి మందులు వాడే మనకు పనికొచ్చేది ఆ రెండో భాగమే.

1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో, సంపన్న ఆంగ్ల కుటుంబంలో ఆమె పుట్టారు. నర్సు పనిని చిన్నచూపు చూసే రోజులవి. ఇంట్లోవారు వద్దన్నా వినకుండా 1851లో జర్మనీ వెళ్లి శిక్షణ పొందారు. 1854 నవంబరులో 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరారు. అక్కడ గాయాల కంటే కలరా, టైఫస్, విరేచనాలతోనే ఎక్కువమంది సైనికులు చనిపోతున్నారు. ఆమె శుభ్రత, ఆహారం, పరుపుల మీద దృష్టి పెట్టారు, మరణాల లెక్కలు రాశారు.

1855లో క్రిమియాలో ఆమెకు తీవ్రమైన జ్వరం వచ్చింది. అది పూర్తిగా వదల్లేదు. వెన్నునొప్పి, నీరసం, గుండెదడతో ఏళ్ల తరబడి మంచం పట్టారు. అది పచ్చిపాల ద్వారా సోకే బ్రూసెల్లోసిస్ అయి ఉండొచ్చని తర్వాతి కాలపు పరిశోధకులు భావించారు. మంచంలోనే ఉండి పుస్తకాలు, నివేదికలు, వేల ఉత్తరాలు రాశారు. భారతదేశానికి ఎన్నడూ రాకపోయినా, ఇక్కడి సైనిక స్థావరాల నుంచి వివరాలు తెప్పించుకొని, మంచినీరు, మురుగు కాలువల గురించి ప్రభుత్వాన్ని ఒత్తిడి చేశారు.

1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరిట నర్సుల శిక్షణాలయం మొదలైంది. అదే కాలంలో లివర్‌పూల్ వ్యాపారి విలియం రాత్‌బోన్, మరణించిన భార్యకు సేవ చేసిన నర్సు మేరీ రాబిన్సన్‌ను పేదల ఇళ్లకు పంపారు. అక్కడి దైన్యం చూసి ఆమె నెలలోనే వెనక్కి వచ్చేస్తానన్నారు. ఆయన సర్దిచెప్పాక కొనసాగారు, చివరికి అదే తన పనిగా ఎంచుకున్నారు. ఇలాంటి నర్సులు మరెందరో కావాలని రాత్‌బోన్ సలహా అడిగితే, అక్కడే శిక్షణ ఇవ్వమన్నారు నైటింగేల్. 1862లో లివర్‌పూల్‌లో శిక్షణాలయం వచ్చింది. నగరాన్ని 18 ప్రాంతాలుగా విభజించి నర్సులను నియమించారు. రోగికి సేవ చేయడంతోపాటు ఇంటివారికి జాగ్రత్తలు నేర్పడమూ వారి పనే. 1910 ఆగస్టు 13న, 90 ఏళ్ల వయసులో నైటింగేల్ కన్నుమూశారు.

పురానాపూల్ చుట్టుపక్కల బస్తీల్లోనూ అవసరం అదే. షుగర్ రోగి డాక్టర్ ముందు కూర్చునేది కొద్ది నిమిషాలు, మిగతా నెలంతా ఇంట్లోనే. బీపీ నార్మల్‌కు వచ్చిందని మాత్రలు ఆపేయడం, ఇన్సులిన్ ఒకే చోట పొడుచుకొని గడ్డ కట్టించుకోవడం, స్పర్శ తగ్గిన కాలికి పుండు పడినా గమనించకపోవడం... వీటిని ముందుగా పసిగట్టగలిగేది నర్సే. బస్తీ దవాఖానాలో స్టాఫ్ నర్సు, ఇంటికొచ్చే ఏఎన్ఎం బీపీ చూస్తామంటే తప్పించుకోకండి. వెళ్లినప్పుడల్లా మాత్రల కవర్, పాత చీటీ చూపించండి. ఇన్సులిన్ ఎలా తీసుకుంటున్నారో వారి ముందు చేసి చూపండి. చెప్పులు విప్పి పాదాలు చూపించండి. ఛాతీలో నొప్పి, మూతి వంకరపోవడం, ఒకవైపు చెయ్యి కాలు పడిపోవడం కనిపిస్తే మాత్రం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.