విధవలకు పెళ్ళిళ్ళు చేయించిన పెద్దమనిషి



మొన్న లైబ్రరీ పీరియడ్‌లో తెలుగు సార్ మాకు విషవృక్షం అనే బెంగాలీ నవల కథ చెప్పారు. బంకించంద్ర ఛటర్జీ గారు రాసిన ఆ నవల 1873లో పుస్తకంగా వచ్చింది. అందులో కుందనందిని అనే అమ్మాయి ఉంది. తల్లీ తండ్రీ లేరు. చిన్న వయసులోనే మొగుడు చనిపోయాడు. నగేంద్రుడు అనే జమీందారు భార్య ఉండి కూడా కుందను ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాడు. పెద్దభార్య సూర్యముఖి ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. తర్వాత ఆమె తిరిగి వచ్చింది గానీ కుంద విషం తాగి చనిపోయింది. విధవలకు పెళ్ళి చేయాలనే విద్యాసాగర్ గారిని సూర్యముఖి ఎగతాళి కూడా చేస్తుందట.

నాకు ఒకటి అర్థం కాలేదు. మా నాయనమ్మ మొదటి మొగుడు పాము కరిచి చనిపోతే మా గూడెం పెద్దమనుషులే కూర్చుని మారుమనువు చేశారు. ఆ రెండో మనువుకే మా నాయన పుట్టాడు. ఎవరూ తప్పు అనలేదు. మరి అక్కడ ఎందుకు తప్పయింది? సార్‌ను అడిగితే విద్యాసాగర్ గారి గురించి చదవమన్నారు. చదివింది రాస్తున్నాను.

ఈశ్వరచంద్రుడు 1820 సెప్టెంబరు 26న బెంగాల్‌లో బీర్‌సింగ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి ఠాకూర్‌దాస్, తల్లి భగవతీదేవి. బ్రాహ్మణులే గానీ చాలా బీదవాళ్ళు. ఎనిమిదేళ్ళప్పుడు తండ్రితో కలకత్తాకు నడిచిపోతూ దారిలో మైలురాళ్ళు చూసి ఇంగ్లీషు అంకెలు నేర్చుకున్నాడట. బాగా చదివి విద్యాసాగర్ అనే బిరుదు పొందాడు. 1851లో సంస్కృత కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. అంతకుముందు రానివ్వని కులాల పిల్లలను కూడా అందులో చేర్చుకున్నారు.

ఆ రోజుల్లో పెద్దకులాల్లో పసిపిల్లలకే పెళ్ళి చేసేవాళ్ళు. మొగుడు చనిపోతే ఆ పిల్ల ఇక జన్మంతా తెల్లచీర కట్టి, ఉపవాసాలుండి, ఒక మూల బతకాలి. విద్యాసాగర్ గారికి ఇది భరించరానిదయింది. శాస్త్రం ఒప్పుకోదు అన్నవాళ్ళకు పరాశర స్మృతిలో నుంచే ఆధారం తీసి 1855లో పుస్తకం రాశారు. చట్టం చేయమని ప్రభుత్వానికి అర్జీ పెడితే దాని మీద సుమారు వెయ్యి మందే సంతకం చేశారు. వద్దని ముప్పై వేలమందికి పైగా సంతకాలు పెట్టారు. అయినా 1856 జూలై 26న చట్టం వచ్చింది. ఆ డిసెంబరు 7న కాళీమతి అనే బాలవితంతువుకు కలకత్తాలో మొదటి పెళ్ళి జరిగింది.

చట్టం వచ్చింది గదా అని ఆయన ఊరుకోలేదు. సొంత డబ్బుతో పెళ్ళిళ్ళు చేయించారు. సాయం చేస్తామన్నవాళ్ళు తప్పుకుంటే అప్పులపాలయ్యారు. 1870లో తన ఒక్క కొడుక్కి కూడా విధవనే ఇచ్చి చేశారు. ఆడపిల్లల కోసం 1857, 58లలో 35 బడులు పెట్టారు. మన రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం చేయించిన కందుకూరి వీరేశలింగం గారిని దక్షిణదేశపు విద్యాసాగరుడు అంటారు.

జీవితం చివరి ఏళ్ళలో ఆయన కర్మాటాడ్ అనే చోట సంతాల్ ఆదివాసుల మధ్య చాలా కాలం గడిపారు. వాళ్ళకు హోమియోపతి మందులిచ్చేవారు. పొద్దున వాళ్ళు తెచ్చిన మొక్కజొన్న అడిగిన ధరకు కొని, సాయంత్రం ఆకలితో వస్తే వాళ్ళకే పెట్టేవారట. 1891 జూలై 29న చనిపోయారు. సంతాల్ వాళ్ళలో విధవలు మళ్ళీ పెళ్ళి చేసుకోవటం ముందునుంచీ ఉంది. చట్టం అక్కర్లేని మనుషుల మధ్యే ఆయన అంత కాలం గడిపారు.

స్నేహితులారా, ఇప్పుడొక బాధ చెబుతాను. పోయిన ఏడాది మా మేనత్త మొగుడు చనిపోయాడు. మా గూడెంలో ఎప్పుడూ లేనిది, ఆమె గాజులు తీయించారు. వేసవిలో ఒక పెళ్ళికి వెళితే ముందుకు రావద్దన్నారు. కిందఊళ్ళ వాళ్ళను చూసి నేర్చుకున్నారు. నేను అక్కడే ఉండి ఏమీ అనలేదు. ఆయన ఏది పోవాలని అంత కష్టపడ్డారో దాన్నే మనం తెచ్చుకుంటున్నాం.

సంక్రాంతి సెలవుల్లో మా అక్క పెళ్ళి. పసుపు దంచేటప్పుడు మా అత్తను నా పక్కనే కూర్చోబెట్టుకుంటాను. ఎవరైనా కాదంటే మా నాయనమ్మ సంగతి చెబుతాను.

— 9వ తరగతి విద్యార్థిని