ఏడు వంతెనల ఆయిలర్

1707లో స్విట్జర్లాండునందలి బాసెల్ నగరమున జన్మించిన లియొనార్డ్ ఆయిలర్‌ను తండ్రి మతాచార్యుని చేయదలచెను. గురువగు జొహాన్ బెర్నౌలీ నచ్చజెప్పుటచే అతడు గణితమునకు దక్కెను. 1727లో సెంట్ పీటర్స్‌బర్గ్ విజ్ఞాన పరిషత్తున చేరెను.

కోనిగ్స్‌బర్గ్ పట్టణమున ప్రెగెల్ నదిపై ఏడు వంతెనలుండెడివి. ప్రతి వంతెనను ఒక్కమారే దాటుచు అన్నింటిని నడువగలమా? ఇది గణితమేనా యని ఆయిలర్‌కే సందేహము! అయినను, జ్యామితియు బీజగణితమును దీనికి చాలవని గ్రహించి విడువలేదు. 1735లో తేల్చి చెప్పెను: నాలుగు భూభాగములకును బేసి సంఖ్యలోనే వంతెనలున్నవి; అట్టివి రెండింటిని మించినచో ఆ నడక అసాధ్యము.

అవి ఇరుదిశల నడువదగిన వంతెనలు. ఏకదిశా మార్గములైనచో ఈ లెక్క చాలదు. బయలుదేరిన చోటికే చేరుటకు ప్రతి స్థానమున వచ్చు దారులు, పోవు దారులు సమానముగ నుండవలెను. నేటి కంప్యూటరైనను ఈ భేదము మరచినచో లేని దారిని చూపును.

1766 తరువాత చూపు దాదాపు పూర్తిగా పోయినను, నోట చెప్పి వ్రాయించుచు, 1783లో మరణించువరకు అతడు గణితమును విడువలేదు.