చిక్కుడు గింజలు తూచిన జొహాన్సెన్

జన్యువును ఇంగ్లీషులో జీన్ అంటారు. వృక్షశాస్త్రంలో ఆ మాటను 1909లో ప్రవేశపెట్టినది డెన్మార్కు దేశస్థుడైన విల్‌హెల్మ్ జొహాన్సెన్. విత్తనాన్ని ఎంచుకొనే విషయంలో రైతులకు, శాస్త్రజ్ఞులకు ఆయన నేర్పిన పాఠం నేటికీ చెక్కుచెదరలేదు.

జొహాన్సెన్ 1857 ఫిబ్రవరి 3వ తేదీన కోపెన్‌హేగన్‌లో జన్మించారు. తండ్రి సైన్యంలో అధికారి. అయినా కుమారుని విశ్వవిద్యాలయానికి పంపే స్తోమత ఆ కుటుంబానికి లేకపోయింది. అందుచేత 1872లో, పదిహేనేళ్ళ వయస్సులో, ఆయన ఒక మందుల దుకాణంలో పని నేర్చుకోవడానికి చేరారు. మనలో కూడా ఇంటి పరిస్థితుల వల్ల చదువు ఆపి కొలువులో చేరినవారు ఎందరో ఉన్నారు. ఆయన పని చేస్తూనే సొంతంగా చదువుకొని 1879లో ఫార్మసీ పరీక్ష ప్యాసయ్యారు. 1881లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సహాయకునిగా చేరారు. తరువాత వ్యవసాయ కళాశాలలో అధ్యాపకులయ్యారు.

పెద్ద గింజలనే ఏరి విత్తుతూ పోతే ఏటికేడు గింజ పెద్దదవుతుందని ఆనాడు చాలామంది నమ్మేవారు. దీనిని పరీక్షించడానికి ఆయన ప్రిన్సెస్ అనే రకం చిక్కుడును ఎంచుకొన్నారు. అది మన కూరల బీన్స్ జాతిదే. దానిలో స్వపరాగ సంపర్కం జరుగుతుంది కాబట్టి ఒక్కొక్క గింజ సంతతిని విడిగా పెంచవచ్చు. అలా 19 శుద్ధ వంశక్రమాలు తయారుచేసి, వేల గింజలను ఒక్కొక్కటిగా తూచారు.

అన్నిటికన్న బరువైన వంశంలో గింజ సగటు తూకం సుమారు 0.64 గ్రాము, తేలికైన వంశంలో 0.35 గ్రాము వచ్చింది. అయితే ఒకే వంశంలో పెద్ద గింజను వేసినా, చిన్న గింజను వేసినా పిల్లల సగటు ఒక్కటే. ఆరు తరాలు ఏరినా మార్పు రాలేదు. ఒకే మొక్క గింజల్లో కనిపించే హెచ్చుతగ్గులు నీరు, ఎరువు, కాయలో గింజ ఉన్న చోటు వంటి వాటివల్ల వచ్చినవే. అవి తరువాతి తరానికి సంక్రమించవు. 1903లో ఆయన ఈ సంగతి ప్రకటించారు. కంటికి కనిపించేది దృశ్యరూపం, లోపల ఉన్నది జన్యురూపం అనే భేదం దీని నుంచే వచ్చింది.

దిగుబడి అంటే గింజ బరువు ఒక్కటే కాదు. మొక్కకు ఎన్ని కాయలు, కాయకు ఎన్ని గింజలు అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. వీటి వెనుక అనేక జన్యువులున్నాయి. స్వపరాగ సంపర్కం జరిగే శనగ, మినుము, పెసర వంటి పైర్లలో వేర్వేరు వంశాలను సంకరం చేసి, సంతతిని అనేక చోట్ల, అనేక సంవత్సరాలు పరీక్షించి గాని కొత్త వంగడాన్ని విడుదల చేయరు. 1972లో మన పటాన్‌చెరువులో స్థాపించిన ఇక్రిశాట్‌లో శనగపై జరిగే కృషి కూడా ఈ పునాది మీదనే నడుస్తోంది. ఒక పొలంలో ఒక్క ఏడు బాగా కాసిందని ఏ మొక్కనూ గొప్పదిగా ఎంచరాదు.

విశ్వవిద్యాలయ పట్టా లేని జొహాన్సెన్ 1905లో కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు. 1917లో దానికే రెక్టార్, అంటే మన వైస్ ఛాన్సలర్ వంటి అధిపతి, అయ్యారు. 1927 నవంబరు 11న కన్నుమూశారు. పైకి కనిపించేదాన్ని బట్టి గింజ విలువ కట్టరాదని తక్కెడతో నిరూపించిన ఆ మహనీయుని గురించి మన మనుమలకు, మనుమరాండ్రకు కూడా చెబుదాం.