డాక్టర్ పట్టాభి గారూ, సీమ అప్పుల పద్దులూ

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని గురించి రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు నాకు వెంటనే గుర్తుకొచ్చినవారు డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు. కర్నూలు, కడప జిల్లాల బ్యాంకు శాఖల్లో అప్పుల లెడ్జర్లు తిప్పి రిటైరైన నాబోటివాడికి ఆయన జీవితం ఎంతో దగ్గరగా తోస్తుంది.

ఆయన 1880 నవంబరు 24న గుండుగొలనులో జన్మించారు. మద్రాసులో వైద్యం చదివి బందరులో ప్రాక్టీసు పెట్టారు. తర్వాత ఆ ప్రాక్టీసు వదలి జాతీయోద్యమంలో దిగారు. రైతుకూ చిన్న వర్తకుడికీ వడ్డీ వ్యాపారే దిక్కయిన ఆ రోజుల్లో, లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో బందరులో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. 1923 నవంబరు 28న లావాదేవీలు మొదలయ్యాయి.

1939లో కాంగ్రెసు అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్రబోసు గారి చేతిలో ఓడిపోయారు. 1948లో గెలిచి జైపూరు మహాసభకు అధ్యక్షత వహించారు. 1952 నుంచి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేసి, 1959 డిసెంబరు 17న కన్నుమూశారు.

మన సీమవారు మరువరానిది మరొకటుంది. 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ గృహంలో కుదిరిన ఒడంబడికపై కడప కోటిరెడ్డి గారు మొదలైన పెద్దలతోపాటు పట్టాభి గారూ సంతకం చేశారు. తుంగభద్ర, కృష్ణా, పెన్నా నీళ్లలో రాయలసీమ అవసరాలకు ముందు చోటివ్వాలని అందులో ఉంది.

నీళ్లకూ అప్పులకూ ఉన్న లంకె నాకు ఉద్యోగంలో బోధపడింది. వానలు బాగా పడిన ఏడు కార్తీకం వచ్చేసరికి వేరుశనగ నూనె మిల్లులవారు, పత్తి జిన్నింగువారు, మండీ వర్తకులు సరుకు కొనుగోలుకు క్యాష్ క్రెడిట్ లిమిటు పెంచమని వచ్చేవారు. పంట దిగుబడి లెక్కలు అచ్చయ్యేలోపే సంగతి మా కౌంటరు దగ్గర తెలిసిపోయేది.

ఒక కరువు ఏడాది మా శాఖలో అప్పులు కిందటేటికంటే పెరిగాయని నేను మురిసిపోయాను. మా పెద్ద గుమాస్తా గారు నన్ను పక్కకు పిలిచి, పద్దులు విడదీసి చూడమన్నారు. చూస్తే పెరిగినవన్నీ బంగారు అప్పులే. కమ్మలూ గాజులూ కుదువపెట్టి తిండిగింజలకూ పశువుల మేతకూ తీసుకున్నవి. మిల్లుల లిమిట్లు మాత్రం వాడకుండా పడి ఉన్నాయి. ఆ సాయంత్రం తల దించుకుని ఇంటికి పోయాను.

ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. రిజర్వు బ్యాంకు మాత్రం నేటికీ పక్షానికోసారి బ్యాంకు అప్పుల లెక్కలు ప్రకటిస్తూనే ఉంది. పేపర్లో ఆ అంకె పెరిగిందని చదివినప్పుడు, ఆ అప్పు ఎవరు, దేనికి తీసుకున్నారో కూడా చూడమని బ్యాంకుల్లో పనిచేస్తున్న మన పిల్లలకు చెబుతుంటాను. అప్పు పుట్టడానికి బ్యాంకు కావాలి, ఆ అప్పు వ్యాపారానికి అక్కరకు రావాలంటే చేలో నీరుండాలి. పట్టాభి గారు ఈ రెండింటికీ తమ వంతు పాటుపడ్డారు. అందుకే వారికి నా నమస్సులు.