ఊరు విడిచి వెళ్ళిన జైపాల్ సింగ్ ముండా

ఈసారి గోడ పత్రికకి ఒక గొప్పవారి జీవితం రాయమని తెలుగు మేడం నాకు చెప్పారు. అల్లూరి గురించి, గాంధీ గారి గురించి ఇంతకుముందే రాసేశారు. అందుకని రాజ్యాంగం పాఠంలో సోషల్ సార్ చెప్పిన జైపాల్ సింగ్ గురించి నేను రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. టెన్త్ అయ్యాక ఇంటర్‌కి విశాఖపట్నం వెళ్ళాలని నాకు ఆశ. మా అయ్య వద్దంటున్నాడు. మా ఊరి నుంచి చదువుకని కిందకి దిగిన ఒక అన్న ఇప్పుడు ఇటుకల పండక్కి కూడా రావట్లేదు. ఫోన్లో వాళ్ళ అమ్మతో కువి మాట్లాడడు, తెలుగే మాట్లాడతాడు. ఆమెకి సగం అర్థం కాదు. నేనూ అలాగే అయిపోతానని అయ్య భయం. అమ్మ ఏమీ అనదు గానీ పసుపు తవ్వే రోజుల్లో నడుం పట్టుకుని నా వైపు చూస్తాది.

జైపాల్ సింగ్ 1903లో టక్రా అనే ముండా ఆదివాసీల ఊళ్ళో పుట్టారు. అది ఇప్పుడు జార్ఖండ్‌లో ఖుంటీ జిల్లాలో ఉంది. చిన్నప్పుడు ఆయన పేరు ప్రమోద్. మన తమ్ముళ్ళ లాగే పశువులు కాసేవారు. తరవాత రాంచీలో సెయింట్ పాల్స్ అనే మిషనరీ బడిలో చేర్చారు. అక్కడ చదువులోనూ ఆటలోనూ ముందుండేవారు. ఆ బడి ప్రిన్సిపాల్ కాస్‌గ్రేవ్ దొర 1918లో ఇంగ్లాండు వెళ్ళిపోతూ జైపాల్‌ని కూడా తనతో తీసుకెళ్ళారు. అప్పటికి ఆయనకి పదిహేనేళ్ళు. నాకంటే ఒక్క ఏడాదే పెద్ద! నేను ఆరో తరగతిలో ఈ హాస్టల్‌కి వచ్చిన రోజు ట్రంకు పెట్టె మీద కూర్చుని సాయంత్రం దాకా ఏడిచాను. మా ఊరు ఇక్కడికి బస్సులో రెండు గంటలే. ఆయన ఓడ ఎక్కి సముద్రాలు దాటి వెళ్ళారు.

అక్కడ ముందు ఆయన్ని పాదిరీగా చెయ్యాలనుకున్నారు. కానీ 1922లో ఆక్స్‌ఫర్డ్‌లో సెయింట్ జాన్స్ కాలేజీలో చేరి డిగ్రీ చదివారు. హాకీ బాగా ఆడేవారు. ఆ రోజుల్లో కలెక్టర్లయ్యే ఐ.సి.ఎస్. ఉద్యోగానికి కూడా ఎంపికయ్యారు. ఆ శిక్షణలో ఉండగానే 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ వచ్చాయి. ఇండియా హాకీ జట్టుకి ఆయన్నే కెప్టెన్‌గా పెట్టారు. సెలవు అడిగితే ఇవ్వలేదు. మనకి ఔట్‌పాస్ ఇవ్వకపోతే గోడకి ఆనుకుని ఏడుస్తాం కదా, ఆయన మాత్రం సెలవు లేకుండానే వెళ్ళిపోయారు. (వార్డెన్ మేడం, మేము అలా వెళ్ళం.) ధ్యాన్‌చంద్ ఆడింది కూడా ఆ జట్టులోనే. ఫైనల్లో హాలండ్‌ని 3-0 తో ఓడించి మన దేశం హాకీలో మొదటి బంగారు పతకం తెచ్చింది. కానీ జట్టులో తగాదా వచ్చి జైపాల్ ఫైనల్ ఆడలేదు. అది చదివితే నాకు చాలా బాధేసింది. తిరిగి వచ్చాక శిక్షణ ఇంకో ఏడాది మళ్ళీ చెయ్యాలన్నారు. ఆయన ఒప్పుకోకుండా ఆ ఉద్యోగమే వదిలేశారు. అంత పెద్ద ఉద్యోగం వదిలేశాడని చెబితే మా అయ్య అస్సలు నమ్మడు.

తరవాత కలకత్తాలో నూనె కంపెనీలో చేశారు. ఆఫ్రికాలో గోల్డ్ కోస్ట్‌లో (ఇప్పటి ఘనా) పంతులుగా, రాయపూర్‌లో రాజుల పిల్లల కాలేజీలో, బికనీర్ సంస్థానంలో పని చేశారు. ఇన్ని ఊళ్ళు తిరిగారు గానీ టక్రా వైపు మనసు ఎప్పుడు మళ్ళిందో నాకు అర్థం కాలేదు. 1939 జనవరిలో రాంచీలో ఆదివాసీ మహాసభ జరిగింది. దానికి అధ్యక్షుడిగా ఉండమని ఆయన్ని అడిగారు, ఒప్పుకున్నారు. అక్కడి నుంచి ఇక చివరిదాకా ఆదివాసుల పనే. జనం ఆయన్ని మరాంగ్ గోమ్‌కే అని పిలిచారు. అంటే పెద్ద నాయకుడు అని.

1946లో రాజ్యాంగ సభలోకి వెళ్ళారు. ఆ డిసెంబరులోనే మాట్లాడుతూ తాను జంగ్లీనని, అందుకు గర్వపడుతున్నానని సభ మొత్తం ముందు ఇంగ్లీషులో చెప్పారు. నన్ను ఒకసారి సంతలో కొండగుంట అన్నారు. నేను తల దించుకుని వచ్చేశాను. అదే సభలో మగవాళ్ళు ఎక్కువైపోయారని, ఆడవాళ్ళు ఇంకా రావాలని కూడా ఆయన అన్నారు. ఈ ముక్క ఆడపిల్లలందరూ రెండుసార్లు చదవండి. ఆదివాసీ ప్రాంతాల గురించి వేసిన ఉపసంఘంలో ఆయనా ఒక సభ్యుడు. మన ఏజెన్సీకి ఉన్న ఐదో షెడ్యూలు అలాంటి చర్చల్లోంచే వచ్చిందని సార్ చెప్పారు.

జార్ఖండ్ రాష్ట్రం కావాలని 1950లో పార్టీ పెట్టారు. 1963లో దాన్ని కాంగ్రెస్‌లో కలిపేశారు. నమ్ముకున్న వాళ్ళు చాలామంది కోపపడ్డారు. నాకూ అది నచ్చలేదు. 1970 మార్చి 20న ఢిల్లీలో చనిపోయారు. జార్ఖండ్ 2000లో వచ్చింది, ఆయన చూడలేదు.

నేను లెక్క వేశాను. 1918లో వెళ్ళిన మనిషి తన జనం పనిలోకి వచ్చేసరికి ఇరవై ఏళ్ళు దాటింది. వెళ్ళకపోతే ఆ సభలో ఇంగ్లీషులో మాట్లాడగలిగేవారా? కానీ ఇరవై ఏళ్ళంటే మా అమ్మ ముసలిదైపోతాది. పైగా ఆయన్ని దొర తీసుకెళ్ళారు. నన్ను ఎవరూ తీసుకెళ్ళరు, నేనే అడగాలి.

ఈ ఆదివారం అయ్య నన్ను చూడ్డానికి వస్తాడు. చింతచెట్టు కింద కూర్చోబెట్టి ఈ కథ మొత్తం కువిలో చెబుతాను. ప్రతి ఇటుకల పండక్కి వస్తానని మాట ఇస్తాను. ఆ ఇరవై ఏళ్ళ సంగతి చెప్పాలా వద్దా అన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదు.

- 9వ తరగతి విద్యార్థిని