నూర్ ఇనాయత్ ఖాన్: అనర్హురాలన్న నివేదికల నడుమ రహస్య దళంలోకి

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జర్మనీ ఆక్రమించిన ఫ్రాన్స్‌కు బ్రిటన్ రహస్యంగా పంపిన తొలి మహిళా వైర్‌లెస్ ఆపరేటర్ భారతీయ మూలాలున్న యువతి. ఆమె పేరు నూరున్నీసా ఇనాయత్ ఖాన్. శిక్షణ ఇచ్చిన అధికారుల్లో కొందరు ఆమె ఈ పనికి తగరని రాశారు. తుపాకీ అంటే భయపడతారని, రహస్యం దాచే స్వభావం ఆమెది కాదని నివేదించారు. అయినా ఆమెను పంపారు. 1944 సెప్టెంబరు 13న, 30 ఏళ్ల వయసులో, డాకౌ నిర్బంధ శిబిరంలో ఆమెను కాల్చి చంపారు. అప్పటికి దాదాపు 11 నెలలు శత్రువు చెరలో ఉన్నా సహచరుల గురించి ఆమె నోరు విప్పలేదు. ప్రాణాలకు తెగించే దళంలో చేరడానికి ఎవరు అర్హులు, ఆ అర్హతను ఎలా కొలవాలి అన్న ప్రశ్నకు ఆమె జీవితం తేలికైన సమాధానం ఇవ్వదు.

బరోడా, హైదరాబాద్, మాస్కో

నూర్ తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ 1882లో బరోడాలో సంగీత కుటుంబంలో జన్మించారు. ఆయన మాతామహుడు మౌలా బక్ష్ ఆ సంస్థానంలో సంగీత పాఠశాలను నెలకొల్పిన విద్వాంసుడు. మౌలా బక్ష్ భార్య వైపు నుంచి ఆ కుటుంబానికి మైసూరు పాలకుడు టిప్పు సుల్తాన్‌తో వంశ సంబంధం ఉంది. యువకుడైన ఇనాయత్ ఖాన్ హైదరాబాద్ చేరి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ సమక్షంలో గానం చేసి మన్ననలు పొందారు. ఆ నగరంలోనే సయ్యద్ అబూ హాషిం మదనీని గురువుగా స్వీకరించి సూఫీ మార్గంలో అడుగుపెట్టారు. తూర్పు దేశాల సంగీతాన్ని, ఆత్మజ్ఞానాన్ని పడమటికి తీసుకువెళ్లమన్నది గురువు ఆదేశం. దానిని శిరసావహించి 1910 సెప్టెంబరు 13న ఆయన బొంబాయిలో ఓడ ఎక్కారు.

అమెరికాలో పరిచయమైన ఓరా రే బేకర్‌ను ఆయన వివాహం చేసుకున్నారు. వారి తొలి సంతానంగా నూర్ 1914 జనవరి 1న మాస్కోలో జన్మించారు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యే నాటికి కుటుంబం లండన్‌కు, 1920లో ఫ్రాన్స్‌కు తరలింది. పారిస్ శివార్లలోని సురేన్‌లో ఒక శిష్యురాలి సహాయంతో సమకూరిన ఇంటికి ఫజల్ మంజిల్ అని పేరు పెట్టుకున్నారు. సంగీతం, ప్రార్థన, అతిథుల రాకపోకల మధ్య పిల్లలు పెరిగారు. ఎవరినీ నొప్పించరాదు, అసత్యం పలుకరాదు అన్నవి ఆ ఇంటి నియమాలు.

1927 ఫిబ్రవరిలో భారత పర్యటనలో ఉన్న తండ్రి ఢిల్లీలో కన్నుమూశారు. తల్లి దుఃఖంలో మునిగి ఏకాంతంలోకి వెళ్లిపోయారు. 13 ఏళ్ల నూర్ ఇద్దరు తమ్ముళ్లకు, చెల్లెలికి తల్లి స్థానంలో నిలిచారు. తరువాతి సంవత్సరాల్లో ఆమె సోర్బాన్‌లో బాలల మనస్తత్వ శాస్త్రం చదివారు, నాడియా బూలాంజె వద్ద సంగీతం అభ్యసించారు, పిల్లల కోసం కథలు రాశారు. బుద్ధుని పూర్వజన్మల జాతక కథల్లో ఇరవైని ఎంచి ఆమె ఆంగ్లంలో చెప్పిన పుస్తకం 1939లో లండన్‌లో వెలువడింది. ఇతరుల కోసం తమ ప్రాణాన్ని అర్పించే జీవుల కథలే అందులో ఎక్కువ.

అహింసా వ్రతం, యుద్ధ నిర్ణయం

1940 జూన్‌లో జర్మన్ సేనలు పారిస్‌ను సమీపించాయి. అహింసను నమ్మిన కుటుంబంలో పుట్టిన నూర్, ఆమె తమ్ముడు విలాయత్ కఠినమైన నిర్ణయానికి వచ్చారు. నాజీ పాలనను చూస్తూ ఊరకుండటం కూడా హింసలో పాలుపంచుకోవడమేనని వారు భావించారు. బోర్డో రేవు నుంచి దొరికిన ఓడలో కుటుంబం ఇంగ్లండ్ చేరింది. అదే ఏడాది నవంబరు 19న నూర్ మహిళా సహాయక వైమానిక దళంలో సాధారణ సిబ్బందిగా చేరారు. పేరు నోరా బేకర్ అని నమోదు చేయించుకున్నారు. అక్కడ ఆమెకు దక్కిన పని మోర్స్ సంకేతాలు పంపడం, అందుకోవడం.

అధికారి హోదా కోసం జరిగిన ముఖాముఖిలో భారత స్వాతంత్ర్యంపై ప్రశ్న వచ్చింది. యుద్ధం ముగిసేవరకు బ్రిటన్‌కు విధేయురాలిగా ఉంటానని, ఆ తరువాత తన దేశానికి స్వేచ్ఛ కోరే పక్షాన నిలవవచ్చని ఆమె దాపరికం లేకుండా చెప్పారు. అవకాశం చేజారుతుందని తెలిసినా మాట మార్చలేదు.

దరఖాస్తు లేని కొలువు

స్పెషల్ ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్ అనే రహస్య సంస్థ చర్చిల్ ప్రభుత్వ నిర్ణయంతో 1940 జులైలో ఏర్పడింది. ఆక్రమిత దేశాల్లో విధ్వంసక చర్యలు సాగించడం, స్థానిక ప్రతిఘటన దళాలకు ఆయుధాలు, ధనం, శిక్షణ అందించడం దాని బాధ్యత. అందులో చేరడానికి ప్రకటనలు లేవు, దరఖాస్తులు లేవు. సంస్థే తనకు కావలసినవారిని సైన్యంలోను, ఇతర విభాగాల్లోను వెతికేది. ఫ్రాన్స్ విభాగానికి మొదటి అర్హత స్థానికులు అనుమానించలేనంత సహజంగా ఫ్రెంచి మాట్లాడగలగడం. ఫ్రాన్స్‌లో పెరిగి, వైర్‌లెస్ నేర్చిన నూర్ పేరు ఆ అన్వేషణలో బయటపడింది.

1942 నవంబరులో ఆమెను లండన్‌లోని ఒక హోటల్ గదికి పిలిపించారు. ముఖాముఖి జరిపింది నవలా రచయిత కూడా అయిన సెల్విన్ జెప్సన్. సైనిక దుస్తులు ఉండవని, పట్టుబడితే యుద్ధ ఖైదీకి లభించే రక్షణ దక్కదని, మరణమే ఎదురుకావచ్చని ఆయన ముందుగానే స్పష్టం చేశారు. సాధారణంగా అభ్యర్థులతో పలుమార్లు మాట్లాడిన తరువాతే నిర్ణయం తీసుకునే జెప్సన్, నూర్ విషయంలో మొదటి సమావేశంలోనే తృప్తి చెందారు. ఆమె కూడా వెనుకాడలేదు. 1943 ఫిబ్రవరిలో శిక్షణ మొదలైంది.

ఆ శిక్షణ అంచెలంచెలుగా సాగేది. సర్రేలోని వాన్‌బరో భవనంలో ప్రాథమిక పరీక్ష జరిగేది. శరీర దారుఢ్యం, ఆయుధాల వాడకం, మ్యాపు చదవడం, పేలుడు పదార్థాల పరిచయం అక్కడి పాఠాలు. ఆపరేటర్లను అక్కడి నుంచి వైర్‌లెస్ పాఠశాలకు పంపేవారు. చివరి అంచె హాంప్‌షైర్‌లోని బ్యూలీ. మారుపేరుతో జీవించడం, వెంటాడేవారిని పసిగట్టడం, తలుపు తాళాలు తెరవడం, విచారణను తట్టుకోవడం అక్కడ నేర్పేవారు. అర్ధరాత్రి నిద్రలేపి, జర్మన్ యూనిఫాం ధరించిన శిక్షకుల ఎదుట నిలబెట్టి ప్రశ్నలు కురిపించేవారు.

నూర్ బాగా పరుగెత్తగలరని, మిగిలిన వ్యాయామాల్లో తడబడతారని శిక్షకులు రాశారు. తుపాకీ చూస్తే బెదిరినా ఆ భయాన్ని జయించడానికి శ్రమిస్తున్నారని గమనించారు. వైర్‌లెస్‌లో ఆమె వేగం మెచ్చదగినదే. బ్యూలీలో మాత్రం నకిలీ విచారణ సమయంలో ఆమె భయంతో వణికిపోయారు. ఆమె స్వభావం రహస్య జీవితానికి సరిపడదని అక్కడి ప్రధానాధికారి తేల్చేశారు. ఫ్రాన్స్ విభాగాధిపతి మారిస్ బక్‌మాస్టర్ ఆ అభిప్రాయాన్ని కొట్టిపారేశారు. ఫ్రాన్స్‌లో ఆపరేటర్ల కొరత అప్పటికి తీవ్రంగా ఉంది. పూర్తి శిక్షణ ముగియకముందే నూర్ ప్రయాణం ఖాయమైంది.

ఆమెను పంపడం సరికాదని తోటి శిక్షార్థులిద్దరు కూడా విభాగానికి తెలియజేశారు. బక్‌మాస్టర్ సహాయకురాలు వెరా అట్కిన్స్ నూర్‌ను భోజనానికి పిలిచి, ఇష్టం లేకపోతే తప్పుకోవచ్చని, దానిని ఎవరూ తప్పుపట్టరని చెప్పారు. నూర్ బాధ వేరు. తల్లిని వదిలి వెళ్లాలన్నదే ఆమె దిగులు. మరణం నిర్ధారణ అయితే తప్ప తల్లికి చెడు వార్త చెప్పవద్దని కోరి, ఆమె ప్రయాణానికి సిద్ధపడ్డారు. విమానం ఎక్కేముందు అట్కిన్స్ తన దుస్తులపై ఉన్న పక్షి ఆకారపు వెండి బ్రోచ్‌ను తీసి ఆమెకు ఇచ్చారు.

పారిస్‌లో మిగిలిన ఒకే గొంతు

1943 జూన్ 16 రాత్రి లైసాండర్ విమానం ఆంజే పట్టణ సమీపంలోని పొలాల్లో ఆమెను దింపింది. రహస్య నామం మడలిన్. కాగితాలపై జాన్ మరీ రెనియే, వృత్తి పిల్లల ఆయా. తొలి రోజుల్లో పొరపాట్లు జరిగాయి. టీ కప్పులో ముందుగా పాలు పోసే ఇంగ్లిషు అలవాటును చూసి స్థానిక మిత్రులు హెచ్చరించారు. సంకేత పత్రాలున్న సంచిని అజాగ్రత్తగా వదిలినందుకు మందలించారు.

ఆమె దిగిన పది రోజుల్లోపే పిడుగు పడింది. ఆమె పనిచేయవలసిన ప్రోస్పర్ అనే పెద్ద రహస్య వ్యవస్థ నాయకుడు ఫ్రాన్సిస్ సటిల్ జూన్ 24న పట్టుబడ్డారు. వెంట వెంటనే అనేకులు అరెస్టయ్యారు, వైర్‌లెస్ యంత్రాలు శత్రువు వశమయ్యాయి. తిరిగి రమ్మని లండన్ ఆహ్వానించింది. తాను కూడా వెళ్లిపోతే పారిస్ ప్రాంతానికి, లండన్‌కు సంబంధం తెగిపోతుందని నూర్ నిరాకరించారు.

ఆ రోజుల్లో ఒక ఆపరేటర్ ఆయుష్షు ఆరు వారాలని లెక్కించేవారు. సంకేత తరంగాల దిశను పట్టే పరికరాలతో జర్మన్ వాహనాలు వీధుల్లో తిరిగేవి. ఎక్కువసేపు ఒకేచోట ప్రసారం చేస్తే పట్టుబడటం ఖాయం. సుమారు 15 కిలోల యంత్రాన్ని సూట్‌కేసులో మోస్తూ నూర్ ఇల్లు మార్చారు, జుట్టు రంగు మార్చారు. చిన్ననాటి పరిచయస్థులున్న సురేన్‌కు వెళ్లి కూడా ప్రసారాలు జరిపారు. నకిలీ విచారణకే వణికిన ఆమె ఈ విధంగా దాదాపు నాలుగు నెలలు నిలిచారు.

తిరుగు ప్రయాణానికి ఏర్పాట్లు జరుగుతున్న దశలో, అక్టోబరు మధ్యలో, డబ్బుకు ఆశపడిన వ్యక్తి ఒకరు ఇచ్చిన సమాచారంతో ఆమె దొరికిపోయారు.

చెరలో మౌనం, బల్లపై నోటుపుస్తకం

అరెస్టు చేయవచ్చిన వ్యక్తితో ఆమె పెనుగులాడి, అతని చేతిని కొరికారు. పారిస్‌లోని 84, అవెన్యూ ఫోష్ జర్మన్ భద్రతా విభాగ కార్యాలయం. అక్కడికి చేరిన కొద్దిసేపటికే స్నానాల గది కిటికీ గుండా తప్పించుకోబోయి పట్టుబడ్డారు. నవంబరులో మరో ఇద్దరు ఖైదీలతో కలిసి పైకప్పు మీదుగా బయటపడ్డారు. అదే వేళకు విమాన దాడి హెచ్చరిక మోగి, గదుల తనిఖీ జరగడంతో ఆ ప్రయత్నం కూడా విఫలమైంది. ఇకపై తప్పించుకోనని సంతకం చేయమంటే ఆమె ఒప్పుకోలేదు. పాటించలేని మాట ఇవ్వడం ఆమెకు సమ్మతం కాలేదు.

సహచరుల వివరాలేవీ ఆమె నుంచి రాబట్టలేకపోయామని ఆ కార్యాలయాధిపతి హాన్స్ కీఫర్ యుద్ధానంతర విచారణలో అంగీకరించాడు. కానీ ఆమె గదిలో దొరికిన నోటుపుస్తకం శత్రువుకు పెన్నిధి అయింది. పంపిన, అందిన సందేశాల నకళ్లన్నీ అందులో ఉన్నాయి. సందేశాల ఫైలింగ్ విషయంలో జాగ్రత్త వహించాలని ఆమెకు ఇచ్చిన ఆదేశంలో ఉంది. పత్రికా రంగంలో ఆ మాటకు వార్తను పంపడమని అర్థం. ఆమె దానిని భద్రపరచడంగా గ్రహించి ఉంటారని చరిత్రకారుల అభిప్రాయం. పూర్తి శిక్షణ పొందిన ఆపరేటరు ఈ పొరపాటు చేసి ఉండకపోవచ్చు.

ఆ నకళ్ల ఆధారంగా జర్మన్లు ఆమె పేరిట లండన్‌కు సందేశాలు పంపారు. అనుమానించదగిన సూచనలు కనిపించినా లండన్ అధికారులు నమ్ముతూనే వచ్చారు. 1944 ఫిబ్రవరి చివర ఆ సందేశాలను విశ్వసించి పారాచూట్ల ద్వారా దించిన బృందం నేరుగా శత్రువు చేతిలో పడింది. వారిలో మడలిన్ దామెర్‌మాన్ అనే యువతి ఒకరు.

నూర్‌ను 1943 నవంబరులోనే జర్మనీలోని ఫోర్ట్స్‌హైమ్ జైలుకు తరలించారు. పది నెలలపాటు కాళ్లకు, చేతులకు సంకెళ్లతో ఒంటరి గదిలో ఉంచారు. భోజనం గిన్నెల అడుగున అక్షరాలు గీకి ఆమె తోటి ఖైదీలతో మాట్లాడారు. నోరా బేకర్ అన్న పేరును, లండన్‌లోని 4, టావిటన్ స్ట్రీట్ అన్న చిరునామాను వారికి అలాగే తెలియజేశారు.

1944 సెప్టెంబరులో ఆమెను డాకౌకు తీసుకువెళ్లారు. 13వ తేదీ ఉదయం యోలాండ్ బీక్‌మాన్, ఎలియాన్ ప్లూమాన్, మడలిన్ దామెర్‌మాన్‌లతో పాటు ఆమెను కాల్చి చంపారు. సరిగ్గా 34 ఏళ్ల కిందట అదే తేదీన ఆమె తండ్రి బొంబాయి తీరాన్ని విడిచారు.

ఆలస్యంగా దక్కిన గుర్తింపు

ఆమె ఎక్కడ, ఎలా మరణించారో కొంతకాలం స్పష్టత లేదు. యుద్ధం ముగిశాక వెరా అట్కిన్స్ జర్మనీ వెళ్లి, గల్లంతైనవారి జాడను ఒక్కొక్కటిగా వెలికితీశారు. ఫ్రాన్స్ 1946లో క్వా ద గేర్ పతకాన్ని, బ్రిటన్ 1949లో జార్జ్ క్రాస్‌ను ఆమెకు మరణానంతరం ప్రకటించాయి. ఫ్రాన్స్ విభాగం తరఫున వెళ్లి ప్రాణాలర్పించిన 91 మంది పురుషులు, 13 మంది మహిళల పేర్లు వాలెన్సే పట్టణంలోని స్మారకంపై ఉన్నాయి. నూర్ పేరు వాటిలో ఒకటి. లండన్‌లోని గోర్డన్ స్క్వేర్‌లో 2012లో ఆమె విగ్రహాన్ని ఆవిష్కరించారు.

శిక్షకుల నివేదికలు పూర్తిగా తప్పని చెప్పలేం. నోటుపుస్తకం వారి సందేహాలకు ఒక సాక్ష్యం. అయితే ఆ లోపానికి మూల్యం చెల్లించింది ఆమె ఒక్కరే కాదు. తొందరపడి పంపినవారు, అనుమానించవలసిన వేళ అనుమానించనివారు కూడా అందులో బాధ్యులే. మరోవైపు, ఏ నిజాయితీని లోపంగా లెక్కించారో అదే ఆమెను చివరిదాకా నిలబెట్టింది. అబద్ధం చెప్పలేనివారు గూఢచర్యానికి పనికిరారని భావించిన అధికారులకు, నిజం చెప్పకుండా ఉండటానికి అబద్ధమే అవసరం లేదన్నది తట్టలేదు.

2020 ఆగస్టులో లండన్‌లోని ఒక ఇంటి గోడపై నూర్ పేరిట నీలి ఫలకాన్ని అమర్చారు. భారతీయ సంతతి మహిళకు ఆ నగరంలో దక్కిన మొదటి నీలి ఫలకం అది. ఆ ఇంటి చిరునామా 4, టావిటన్ స్ట్రీట్. ఫోర్ట్స్‌హైమ్ చెరసాలలో గిన్నె అడుగున ఆమె గీకి చూపిన చిరునామా అదే.